గాల్వెస్టన్ పేరు వెనకున్న గాల్వెజ్: పిల్లలతో హిస్టరీ ప్రాజెక్ట్ ఇలా చేయించండి

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. గాల్వెస్టన్ బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఆ పేరు ఎవరిదో మాత్రం, మా అమ్మాయికి అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీద ప్రాజెక్ట్ ఇచ్చాకే తెలిసింది. ఆయన బెర్నార్డో దె గాల్వెజ్, అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాకి గవర్నర్.

మీ పిల్లలకీ ఇలాంటిదే ఇస్తే ముందు మ్యాప్ సంగతి చూడండి. బ్రిటన్ మీద తిరగబడ్డ 13 కాలనీల మ్యాప్ పనికిరాదు. టెక్సాస్ నుంచి ఫ్లోరిడా దాకా, కింద క్యూబా కూడా కనిపించేది తీసుకోండి. న్యూ ఓర్లీన్స్ దగ్గర గుండుసూది గుచ్చి, అక్కణ్నుంచి ఎర్రదారం లాగండి: 1779 సెప్టెంబరులో బాటన్ రూజ్, 1780 మార్చిలో మొబీల్, 1781 మేలో పెన్సకోలా. అప్పటికి స్పెయిన్ కూడా బ్రిటన్‌తో యుద్ధంలో ఉంది; ఈ మూడూ గాల్వెజ్ బ్రిటిష్ వాళ్ల దగ్గర గెలుచుకున్నవే.

సైన్యం తినేదేమిటని పిల్లలు తప్పక అడుగుతారు. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో నది పక్కనున్న మిషన్లు (స్పెయిన్ క్రైస్తవ మతగురువులు నడిపిన స్థావరాలు), రాంచ్‌ల నుంచి వేల పశువుల్ని లూసియానాకి తోలుకెళ్లారు. ఆ దారికి ఇంకో రంగు దారం వాడండి. మా అమ్మాయి గోధుమరంగు ఏరుకుంది.

ఎక్కువ చోటు పెన్సకోలాకి ఇవ్వండి. బే ముఖద్వారంలో ఇసుక మేట, పైన బ్రిటిష్ కోట ఫిరంగులు. స్పెయిన్ నౌకాదళాధిపతి ఓడల్ని లోపలికి పంపనన్నాడు. అప్పుడు గాల్వెజ్ తన చిన్న ఓడ ఎక్కి, గుళ్ల వర్షంలోనే లోపలికి దూసుకెళ్లాడు. మర్నాడు మిగతా ఓడలు వెనకాలే వచ్చాయి. ‘యో సోలో’, అంటే ‘నేనొక్కణ్నే’ అన్న మాటను ఆయన వంశచిహ్నంలో పెట్టుకోనిచ్చాడు స్పెయిన్ రాజు. మే 8న ఒక గుండు వెళ్లి బ్రిటిష్ వాళ్ల మందుగుండు నిల్వ మీద పడింది. రెండు రోజులకి వాళ్లు లొంగిపోయారు.

హవానా మీదా ఒక సూది గుచ్చండి. ఈ యుద్ధాన్ని మలుపు తిప్పిన యార్క్‌టౌన్ పోరుకి బయల్దేరిన ఫ్రెంచ్ నౌకాదళం కోసం అక్కడ 5 లక్షల పెసోలు పోగుచేసి ఇచ్చారు.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. స్పెయిన్ యుద్ధంలో దిగింది స్వేచ్ఛ కోసమని రాయించకండి. బ్రిటన్‌ని దెబ్బతీయాలి, ఫ్లోరిడా తిరిగి దక్కించుకోవాలి, అదీ వాళ్ల లెక్క. అలాగే గాల్వెస్టన్‌లో యుద్ధం జరిగిందనీ రాయకూడదు. ఆ తీరాన్ని సర్వే చేసిన హోసే దె ఎవియా, అక్కడి బేకి గాల్వెజ్ పేరు పెట్టాడు, అంతే. 2014లో అమెరికా గాల్వెజ్‌కి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఆ సంగతి పోస్టర్ చివర్లో రాయించండి, పక్కనే మీ బీచ్ ఫొటో ఒకటి అంటించండి.