గాలివానలోనూ మోగే చిన్న ఆంప్

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా గోడని ఆనుకునే బాబాయి వాళ్ల ఇల్లు. రాత్రిపూట గిటార్ సాధన చేయాలంటే పెద్ద చప్పుడు కుదరదు. పైగా గాలివాన వచ్చి కొబ్బరిమట్ట తీగల మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ రెండూ చూసుకునే ఆంప్, అంటే ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె (ఆంప్లిఫయర్), వెతికాను.

వాట్స్ చూసి కంగారు పడక్కర్లేదు. వాట్స్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా. గదిలో వాయించడానికి 10 వాట్లు ధారాళం. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి నాకు నచ్చింది. 6 అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్ జాక్ ఉన్నాయి, కానీ కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. అందుకే బాస్ (Boss) కంపెనీ కటానా మినీ కొన్నాను. 7 వాట్లు, 4 అంగుళాల స్పీకర్, 6 పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. క్లీన్ టోన్, అంటే గరగర లేని స్వచ్ఛమైన శబ్దం, నిజంగా బాగుంటుంది.

ఒక్కటే ఇబ్బంది, గెయిన్ (గిటార్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెంచగానే బుయ్‌మని హమ్. లోపం ఆంప్‌ది కాదు. నా గిటార్‌లోని సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం), గదిలోని పాత ట్యూబ్‌లైట్ చోక్ నుంచి వచ్చే హమ్‌ని పట్టేస్తోంది. గిటార్ పట్టుకుని మెల్లగా పక్కకి తిరుగుతుంటే ఒకచోట హమ్ దాదాపు ఆగిపోతుంది. కుర్చీ అటే తిప్పేసి, ట్యూబ్‌లైట్ తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టించాను.