అనంతపురం నుంచి అంతరిక్ష సదస్సుకు: ఎలా సిద్ధం కావాలి, అక్కడ ఏం అడగాలి?

అనంతపురానికి శ్రీహరికోట దూరమే గానీ బెంగళూరు దగ్గర. 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లు దాటితే ఇస్రో ప్రధాన కార్యాలయమూ, దాని చుట్టూ పుట్టుకొచ్చిన ప్రైవేటు ఉపగ్రహ సంస్థలూ ఉన్న ఊరు వస్తుంది. అక్కడ 2008 నుంచి, సాధారణంగా రెండేళ్లకు ఒకసారి, బెంగళూరు స్పేస్ ఎక్స్‌పో జరుగుతోంది. ఎనిమిదోది 2024 సెప్టెంబరు 18 నుంచి 20 వరకు జరిగింది. ఇలాంటి సదస్సులు శాస్త్రవేత్తలకూ పెట్టుబడిదారులకూ మాత్రమేనన్న మొహమాటంతో మన వైపు విద్యార్థులు, అధ్యాపకులు, రైతు సంఘాల వారు వెనకాడుతుంటారు. ఆ మొహమాటం అక్కరలేదు కానీ, కొంత కసరత్తు చేయకుండా వెళితే మాత్రం జాతర చూసి వచ్చినట్టే ఉంటుంది.

ముందు ప్రశ్న, తర్వాత టికెట్టు

బయలుదేరడానికి నెల రోజుల ముందే, అక్కడ ఎవరినైనా అడగదలచుకున్న ఒక్క ప్రశ్నను కాగితం మీద రాసుకోవాలి. అంతరిక్ష రంగంలో అవకాశాలేమిటి వంటి ప్రశ్నకు ఎవరైనా ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తారు. ప్రశ్న మన నేలకు సంబంధించినదైతే మాట ముందుకు సాగుతుంది.

మన జిల్లాకు పనికొచ్చే ఉదాహరణే తీసుకుందాం. ఐరోపా దేశాల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న గడికి సమానం కనుక, ఎకరం చెనిక్కాయ చేను సుమారు 40 చుక్కలుగా కనిపిస్తుంది. బెంగళూరుకు చెందిన పిక్సెల్ సంస్థ 2025 జనవరి 14న కక్ష్యలోకి పంపిన మూడు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాల స్పష్టత 5 మీటర్లు. అంటే అదే ఎకరం దాదాపు 160 చుక్కలవుతుంది, పైగా ఒక్కో చుక్కలో కాంతిని వందకు పైగా సన్నని పట్టీలుగా విడదీసి నమోదు చేస్తారు. ఈ లెక్క ముందే వేసుకున్న మనిషి స్టాలు దగ్గర నిలబడి, “ఉచితంగా వచ్చే చిత్రంతో పోలిస్తే మీది తిక్క ఆకుమచ్చ తెగులును ఎన్ని రోజులు ముందు పట్టగలదు? ఎకరాకు ఎంత ఖర్చవుతుంది?” అని అడిగితే, అక్కడున్న యువకుడు కరపత్రం పక్కన పెట్టి లోపలున్న ఇంజనీరును పిలుచుకొస్తాడు.

నమోదు

చాలా సదస్సుల్లో ప్రసంగాలు వినడానికి ఒక రకం పాసు, ప్రదర్శనశాల చూడడానికి మరో రకం పాసు ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారికి ప్రదర్శనశాల పాసు చాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే వేదిక మీద మాట్లాడేవారు విధానాల గురించి చెబుతారు, స్టాలులో నిలబడేవారు తమ చేతులతో చేసిన పని గురించి చెబుతారు. కళాశాల తరఫున వెళ్లేవారు గుర్తింపు కార్డుతో పాటు ఆధార్ కూడా పెట్టుకోవాలి. పాసును తప్పకుండా కాగితం మీద ముద్రించుకోవాలి. నేను ఒకసారి ఫోన్‌నే నమ్ముకుని వెళితే, గేటు దగ్గర వేలమంది ఫోన్లకు ఒకేసారి సిగ్నల్ అందక పాసు తెరుచుకోలేదు. ముప్పావుగంట ఎండలో నిలబడ్డాను, జేబులో మడత పెట్టిన కాగితం ఉన్న కుర్రవాళ్లు నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

ప్రయాణం

స్పేస్ ఎక్స్‌పో జరిగే ప్రదర్శన కేంద్రం తుమకూరు రోడ్డులో, నగరం అంచున ఉంది. కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా వెళ్లే కాచిగూడ–యశ్వంతపుర వందే భారత్ ఇందుకు బాగా కుదురుతుంది. యశ్వంతపురలో దిగి ఆకుపచ్చ మార్గం మెట్రో ఎక్కితే చివరి స్టేషను మాదావర, ప్రదర్శన కేంద్రం దాని పక్కనే. ఈ మార్గం మాదావర దాకా 2024 నవంబరులో పొడిగించబడింది. ఆ రైలు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది కాబట్టి ముందు రోజే బయలుదేరి రాత్రికి పీణ్య పరిసరాల్లో బస చేయడం మేలు. బస్సులో వెళ్లేవారు మెజెస్టిక్‌లో దిగి అదే మెట్రో మార్గం పట్టుకోవచ్చు.

స్టాళ్ల ముందు

మొదటి గంటలో ఎవరితోనూ మాట్లాడకుండా హాలంతా ఒక చుట్టు తిరిగి, ఆగవలసిన చోట్లను గుర్తు పెట్టుకోవాలి. రెండో చుట్టులో ప్రతిచోటా మొదట తేల్చుకోవలసినది, ఎదురుగా ఉన్న వస్తువు ఎగిరిందా, నేల మీద పరీక్షకు నిలిచిందా, లేక ఇంకా బొమ్మగానే ఉందా అన్నది. మెరిసే నమూనాలన్నీ ఒకేలా ఉంటాయి కనుక ఈ తేడా కంటికి తెలియదు, అడిగితేనే తెలుస్తుంది.

ఎగిరిందని చెబితే, ఎంత ఎత్తుకు, ఎంత వేగంతో అని అడగాలి. హైదరాబాదు సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న ప్రయోగించిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది, పడాలనే దాన్ని అలా రూపొందించారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో, అంతరిక్షం మొదలయ్యే హద్దుగా చెప్పుకునే 100 కిలోమీటర్ల రేఖ దాటి, సుమారు పది నిమిషాల్లో తిరిగి దిగారు. ఈ రెండూ కక్ష్యలోకి చేరిన ప్రయాణాలు కావు. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి, అసలు ఖర్చూ కష్టమూ ఆ వేగాన్ని అందుకోవడంలోనే ఉన్నాయి. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే సగం ప్రకటనలు వాటంతట అవే తేటపడతాయి.

వస్తువులను దగ్గరగా చూడడానికి సంకోచించవద్దు. చెన్నైకి చెందిన అగ్నికుల్ 2024 మే 30న ఎగరేసిన రాకెట్‌కు ఒకే ముక్కగా త్రీడీ ముద్రణలో తయారైన ఇంజను అమర్చింది. అలాంటి ఇంజను ఏదైనా కనబడితే దాని మెడ దగ్గర వెల్డింగు అతుకు కోసం వెతకండి. అతుకు ఉండదు, దాని బదులు పొర మీద పొర పేర్చిన సన్నని గీతలు కనిపిస్తాయి. తాకే ముందు మాత్రం అనుమతి అడగాలి.

ఔత్సాహికుల మూల

పెద్ద సంస్థల వెలుగులో ఎవరూ పట్టించుకోని ఈ మూలే నాకు ఎక్కువ ఇష్టం. అమెరికాలో ఔత్సాహికుల బృందం ఒకటి 2004 మే 17న నెవాడా ఎడారి నుంచి పంపిన రాకెట్ 100 కిలోమీటర్లు దాటింది. మన దేశంలో ఔత్సాహికులకు తేలికగా అందేది హామ్ రేడియో, అంటే సరదా కోసం సొంత పరికరాలతో రేడియో సంకేతాలు పంపుకోవడం, అందుకోవడం. వారి కోసమే ఇస్రో 2005 మే 5న హామ్‌శాట్‌ను పంపింది, హైదరాబాదుకు చెందిన ధ్రువ స్పేస్ 2022 నవంబరు 26న రెండు చిన్న థైబోల్ట్ ఉపగ్రహాలను పంపింది. ప్లాస్టిక్ పైపుకు ఇనుప కొలత టేపు ముక్కలు బిగించి చేసిన యాంటెనా ఎవరి చేతిలోనైనా కనిపిస్తే వారి దగ్గర ఆగండి. అందులో టేపు ముక్కలు దాదాపు మీటరు పొడవుంటాయి, ఎందుకంటే 145 మెగాహెర్ట్‌జ్ తరంగపు పొడవులో సగం అంతే. ఆ యాంటెనాతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్‌జ్ మీద అప్పుడప్పుడూ పంపే చిత్రాలను మేడ మీద నిలబడి అందుకోవచ్చు. వినడం వేరు, ప్రసారం చేయడం వేరు. ప్రసారానికి కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి.

రాకెట్ నమూనాలు చేసే విద్యార్థులకు ఒక హెచ్చరిక: ఖాళీ గొట్టం, రెక్కలు, పారాచూట్ తీసుకువెళ్లవచ్చు కానీ, ఇంధనం చిటికెడు కూడా సంచిలో ఉండకూడదు. రైలులో గానీ మెట్రోలో గానీ పేలుడు పదార్థాలకు అనుమతి లేదు.

తిరుగు ప్రయాణంలో, హిందూపురం దాటేలోపే, ఎవరు ఏం చెప్పారో రాసుకోవడం ముగించాలి. ఇంటికి వచ్చాక విజిటింగ్ కార్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ప్రతి కార్డు వెనుక ఆ మనిషితో మాట్లాడిన విషయాన్ని రెండు ముక్కల్లో రాయాలి. వారంలోపు ఒక్కొక్కరికీ నాలుగు వాక్యాల మెయిల్ పంపి, అడిగిన ప్రశ్నను గుర్తు చేసి, మీ ఊరి చేను సెంటినెల్ చిత్రాన్ని దానికి జతచేయండి.