బోర్డు పోయిందని తేల్చే ముందు స్లాట్ మార్చి చూడండి

డేటా అక్విజిషన్ సిస్టమ్ (సెన్సర్ల రీడింగులను బోర్డుల ద్వారా కంప్యూటర్‌లోకి తీసుకునే పరికరం) ఆన్ చేయగానే "డివైస్ కనబడలేదు" అని ఎర్రర్ వస్తే చాలామంది వెంటనే డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు. నేనూ అదే చేసి ఒక పూట పోగొట్టుకున్నాను. ఇప్పుడైతే ముందు ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు రాసుకుంటాను. తర్వాత పవర్ పూర్తిగా తీసి, చేతికి యాంటీస్టాటిక్ పట్టీ (ఒంట్లోని స్థిర విద్యుత్తు బోర్డుకి తగలకుండా చూసేది) కట్టుకుని, బోర్డును పక్క స్లాట్‌లోకి మారుస్తాను. ఎర్రర్ బోర్డుతో పాటే వస్తే అనుమానం బోర్డు మీద. పాత స్లాట్‌లో వేరే బోర్డు పెట్టినా అదే ఎర్రర్ వస్తే తప్పు స్లాట్‌దో, పవర్ సప్లైదో. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేదంటే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకో మాట, స్లాట్ మారాక కొన్ని సిస్టమ్‌లలో డివైస్ పేరో నంబరో మారుతుంది. ప్రోగ్రామ్ పాత పేరునే వెతుకుతుంటే అది కొత్త ఎర్రర్‌లా కనబడుతుంది, కంగారు పడకండి.

బోర్డు కనబడుతున్నా రీడింగులు తేడాగా ఉంటే సెన్సర్ వైర్లన్నీ పీకేసి, ఒక ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కి కలపండి. సున్నాకి దగ్గరగా రావాలి. తర్వాత కొత్త 1.5 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి, సుమారు 1.6 చూపిస్తే ఆ ఛానెల్ (అంటే ఆ ఇన్‌పుట్ దారి) బాగున్నట్టే. ఖాళీగా వదిలేసిన ఛానెల్ మాత్రం పక్క ఛానెల్ వోల్టేజీనే చూపించవచ్చు. అది చూసి బోర్డు పాడైందనుకోకండి.