హైదరాబాద్ నుంచి జర్మనీకి పెంపుడు పిల్లి: దరఖాస్తు విధానం, గడువుల లెక్క

మీ వీసా ఎంత తొందరగా వచ్చినా పిల్లి కాగితాలకు మాత్రం నాలుగు నెలలకు పైనే పడుతుంది. డబ్బు కట్టో, ఎవరితోనో చెప్పించో తగ్గించుకోగలిగిన గడువు కాదది. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ దగ్గర సడలింపు పొందిన దేశాల జాబితా ఒకటుంది. అందులో మన దేశం లేదు. అందుకని ఇక్కణ్నుంచి వెళ్లే పిల్లికి టీకా వేయిస్తే చాలదు. ఆ టీకా ఒంటబట్టిందని రక్తపరీక్షలో తేలాలి, తేలాక కూడా మూడు నెలలు ఆగాలి. కాబట్టి టికెట్ కొనకముందే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చిప్ ముందు, టీకా తర్వాత

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పిల్లికి ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే, గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న చిప్) పెట్టించాలి. అది ఐఎస్ఓ 11784 ప్రమాణానికి సరిపోయేదై ఉండాలి, పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. రేబిస్ టీకా అదే రోజు వేయించవచ్చు, తర్వాతైనా వేయించవచ్చు, కానీ చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. ఏటా తప్పకుండా వేయిస్తున్నా సరే, చిప్ లేనప్పుడు వేసినవి ఆ పిల్లికే వేశారనడానికి ఆధారం లేదన్నది యూరోపియన్ యూనియన్ వాదన. చిప్ పెట్టాక మళ్లీ వేయించాల్సిందే. టీకా వేసే ముందు స్కానర్‌తో చిప్ చదివి, ఆ సంఖ్యను టీకా కార్డులో రాయమని డాక్టర్‌ని అడగండి. ఒక్క అంకె తేడా వచ్చినా విమానాశ్రయంలో ఇబ్బందే.

టీకా నాటికి పిల్లికి 12 వారాలు నిండాలి. టీకా వేసిన 30 రోజులకు గానీ ఆ తర్వాత గానీ రక్తం తీయించి, యాంటీబాడీల పరీక్షకు పంపాలి. దీన్నే టైటర్ టెస్ట్ అంటున్నారు. వీధి చివరి ల్యాబ్ రిపోర్టు పనికిరాదు. యూరోపియన్ కమిషన్ ఆమోదించిన ల్యాబ్‌లోనే చేయించాలి, ఆ జాబితా కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సీరం వేరుచేసి, చల్లగా ఉంచి కొరియర్‌లో పంపడం అలవాటున్న క్లినిక్‌ని ఎంచుకోండి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ రావాలి.

మూడు నెలల లెక్క రక్తం తీసిన రోజు నుంచి మొదలవుతుంది, రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. ఉదాహరణకు జనవరి 5న చిప్, టీకా అయ్యాయనుకుందాం. ఫిబ్రవరి 6న రక్తం తీశారు. అప్పుడు మే 6 దాటాకే ప్రయాణం. ఇదే లెక్కన చూస్తే ఏడు నెలలు కూడా లేని కూనను ఇక్కణ్నుంచి జర్మనీకి తీసుకెళ్లడం దాదాపు అసాధ్యం.

ఈలోగా టీకా గడువు ముగిసిపోకుండా చూసుకోండి. బూస్టర్ ఒక్క రోజు ఆలస్యమైనా రక్తపరీక్షతో సహా అంతా మళ్లీ మొదటికొస్తుంది. గడువు తప్పకుండా వేయిస్తూ పోతే మాత్రం ఒకసారి చేయించిన పరీక్ష జీవితాంతం చెల్లుతుంది.

ఆరోగ్య ధ్రువపత్రం

దీన్ని ఇచ్చేది కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే జంతు క్వారంటైన్ కార్యాలయం, అందరూ ఏక్యూసీఎస్ అంటారు. హైదరాబాద్‌తో పాటు చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లో ఉంది. విజయవాడ, విశాఖ వాళ్లు ఏ ఊరి నుంచి విదేశీ విమానం ఎక్కుతున్నారో ఆ ఊరి కార్యాలయాన్ని సంప్రదించడం మేలు. దరఖాస్తుతో పాటు మీ పాస్‌పోర్ట్, టికెట్ నకళ్లు, టీకా కార్డు, చిప్ వివరాలు, టైటర్ రిపోర్టు, రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ పత్రం, పిల్లి ఫోటో సిద్ధం చేసుకోండి. పిల్లిని కూడా తీసుకెళ్లి చూపించాలి.

యూరప్ నమూనాలో ఉండే ఈ ధ్రువపత్రం జారీ అయిన నాటి నుంచి 10 రోజుల్లోగా మీరు అక్కడి తనిఖీకి చేరాలి. కార్యాలయానికి పండగ సెలవులు అడ్డొస్తాయేమో క్యాలెండర్ చూసుకునే తేదీ ఎంచుకోండి. ఇంకో మెలిక భాషది. పత్రం ఇంగ్లిష్‌తో పాటు, యూరప్‌లో మీరు మొదట దిగే దేశపు భాషలో ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే జర్మన్, పారిస్‌లో మారితే ఫ్రెంచ్. టికెట్ దారి మారిందంటే ఫారం కూడా మారుతుంది. పిల్లిని అమ్మడానికి తీసుకెళ్లడం లేదని మీరు సంతకం చేసిన ప్రకటన దీనికి జతచేయాలి. మీరూ పిల్లీ వేర్వేరుగా ప్రయాణిస్తే ఆ రెండు ప్రయాణాల మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు.

మన డాక్టర్లు ఇచ్చే చిన్న పుస్తకం మీద పెట్ పాస్‌పోర్ట్ అని రాసి ఉన్నా అది యూరప్ పాస్‌పోర్ట్ కాదు, దాన్ని నమ్ముకోవద్దు.

విమానం

పిల్లికి సీటు దగ్గరే చోటిచ్చే సంస్థను ఎంచుకోండి, ఛార్జీ కాస్త ఎక్కువైనా సరే. లుఫ్తాన్సా పిల్లి, బ్యాగు కలిపి 8 కిలోల వరకు క్యాబిన్‌లో ఒప్పుకుంటుంది, హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ విమానం కూడా 2024 జనవరిలో మొదలుపెట్టింది. ఎమిరేట్స్‌లో కొన్ని మార్గాల్లో డేగ క్యాబిన్‌లో ఎక్కొచ్చు, పిల్లి మాత్రం ఎక్కకూడదు! ఒక్కో విమానంలో జంతువులకు ఇచ్చే చోటు తక్కువ, అందుకే టికెట్‌తో పాటే పిల్లిని కూడా బుక్ చేయించండి. కింద సామాన్ల అరలో పంపేటట్టయితే లోపల నిలబడి, తిరిగి, పడుకునేంత గట్టి పెట్టె కావాలి. పర్షియన్ పిల్లుల్లాంటి చప్పిడి ముక్కు వాటిని చాలా సంస్థలు అక్కడ ఒప్పుకోవు, వాటికి ఊపిరి సమస్య వస్తుంది. మత్తుమందు ఎవరు చెప్పినా ఇవ్వకండి.

పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు అంటారు కదా, సెక్యూరిటీ దగ్గర నిజంగానే చంకన పెట్టుకోవాలి. బ్యాగు ఖాళీగా ఎక్స్‌రేలోకి వెళ్తుంది. ఒంటికి పట్టీ (హార్నెస్) తగిలించకుండా పిల్లిని ఆ జనం మధ్య బయటికి తీయకండి.

దాని తిండి ప్యాకెట్లు మాత్రం ఇక్కడే వదిలేయండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి ప్రయాణికులు తేకూడదన్న నిబంధన పిల్లి మేతకూ వర్తిస్తుంది, అమ్మ కట్టిచ్చే నెయ్యికీ చికెన్ పచ్చడికీ కూడా. జబ్బు కోసం డాక్టర్ రాసిన ప్రత్యేక ఆహారమైతే, కంపెనీ ప్యాకింగ్‌లో 2 కిలోల దాకా మినహాయింపు ఉంది.

దిగాక

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆకుపచ్చ దారిలో (కస్టమ్స్‌కి చూపాల్సిందేమీ లేనివాళ్ల దారి) నడిచి వెళ్లిపోకండి. ఎర్ర దారిలో కస్టమ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి, పిల్లి ఉందని చెప్పి కాగితాలు చూపాలి. అన్నీ సరిగ్గా ఉంటే క్వారంటైన్ ఉండదు. లేకపోతే వెనక్కి పంపుతారు, లేదా మీ ఖర్చుతో నిర్బంధంలో ఉంచుతారు. వేరే దారి లేదనుకుంటే ప్రాణం తీసే అధికారం కూడా చట్టం ఇచ్చింది.

ఈ ధ్రువపత్రంతో నాలుగు నెలల దాకా యూరోపియన్ యూనియన్ దేశాల్లో తిరగొచ్చు. ఆ లోగానే అక్కడి వెటర్నరీ డాక్టర్ దగ్గర పిల్లికి యూరప్ పెట్ పాస్‌పోర్ట్ తీసుకుని, టైటర్ ఫలితాన్ని అందులో ఎక్కించమనండి. అది ఉండి, టీకా గడువు తప్పకపోతే, పిల్లితో సహా సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ మూడు నెలలు ఆగక్కర్లేదు.