థియేటర్ లీజుకు తీసుకునే ముందు నిర్మాత వేసుకోవాల్సిన లెక్క

నిర్మాణం, పంపిణీ, థియేటర్ మూడూ ఒక్కరి చేతిలో ఉంటే సినిమా ఆడించడానికి డిస్ట్రిబ్యూటర్ థియేటర్‌కు కట్టే అద్దె మిగులుతుందని చాలామంది అనుకుంటారు. మిగలదు. ఆ అద్దె మీ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోతుంది, అంతే. అసలు లాభం వేరేచోట ఉంది.

ఉదాహరణకు 400 సీట్లు, రోజుకు 4 ఆటలు అనుకోండి. వారానికి 11,200 సీట్లు. జీఎస్టీ పోను టికెట్ 100 రూపాయలు (100 దాకా పన్ను 5 శాతం, దాటితే 18). వారం అద్దె 2 లక్షలు. కరెంటు, సిబ్బంది, డిజిటల్ ప్రొజెక్షన్ కలిపి నడిపే ఖర్చు 1.2 లక్షలు.

రెండో వారం 15 శాతమే నిండితే నెట్, అంటే పన్ను పోను వసూలు 1.68 లక్షలు. బయటి డిస్ట్రిబ్యూటరైతే అద్దెకే 32 వేలు ఎదురు పెట్టాలి కాబట్టి సినిమా ఎత్తేస్తాడు. సినిమా, థియేటర్ రెండూ మీవైతే నడిపే ఖర్చు పోను 48 వేలు చేతికొస్తాయి. తలకు 20 రూపాయలు మిగిలే క్యాంటీన్ ఉంటే ఇంకో 33,600. క్యాంటీన్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు వాటా ఉండదు కాబట్టి అతను దాన్ని లెక్కలోకి తీసుకోడు. మీరు తీసుకోండి. అయితే ఆ వారానికి అంతకంటే బాగా ఆడే సినిమా దొరుకుతుంటే సొంత సినిమాను పట్టుకుని వేలాడకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

థియేటర్ యజమానికి మీరు కట్టే లీజు సొమ్ము ఆట నడిచినా, నడవకపోయినా కట్టాల్సిందే. అందుకే ఆట వెయ్యాలా వద్దా అన్నప్పుడు దాన్ని పక్కనపెట్టి, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మాత్రం పూర్తిగా చూడాలి. మీ సినిమాలు ఏడాదిలో ఆడేది కొద్ది వారాలే. మిగతా వారాలు పరాయి సినిమాలతోనే గడవాలి. లీజు వారానికి 60 వేలు పడితే మొత్తం ఖర్చు 1.8 లక్షలు. 30 శాతం నిండి, సగం షేర్ (నెట్‌లో సగం థియేటర్‌కు) మీద ఆడిస్తే మీ వాటా 1.68 లక్షలే. 67,200 క్యాంటీన్ డబ్బే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. కాబట్టి క్యాంటీన్, పార్కింగ్ హక్కులు వదిలి లీజు రాయించుకోవద్దు.

పరాయి సినిమాలకు వారం అద్దెనా, ఇలా వసూళ్లలో వాటా తీసుకునే పర్సంటేజీనా? ఈ లెక్కలో 4,000 టికెట్లు, అంటే సుమారు 36 శాతం దగ్గర రెండూ సమానం. అంతకంటే నిండే వారం థియేటర్‌కు పర్సంటేజీ మేలు, తక్కువైతే అద్దె మేలు. పెద్ద సినిమా మొదటి వారం అద్దెకిచ్చి, జనం తగ్గాక పర్సంటేజీకి దిగితే రెండు విధాలా నష్టం. తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు 2025లో పర్సంటేజీ పద్ధతి కోసం గట్టిగా పట్టుబట్టింది ఇందుకే.

లీజు ఒప్పందంలో బి-ఫారం (సినిమా ప్రదర్శన) లైసెన్స్, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) రెన్యువల్, ఏసీ, స్క్రీన్ మరమ్మతులు ఎవరివో విడివిడిగా రాయించండి. సినిమాలో భాగస్వాములుంటే సొంత థియేటర్‌కూ బజారు అద్దే చూపి, డీసీఆర్ (రోజువారీ వసూళ్ల నివేదిక) రోజూ వాళ్లకు పంపండి. అద్దె ఎక్కువ రాస్తే వాళ్ల వాటా తరుగుతుంది, గొడవ అక్కడే మొదలవుతుంది.