తిరుపతిలో కార్మిక యూనియన్ ఎవరికి మద్దతివ్వాలో తేల్చుకునే పద్ధతి

ఆటో డ్రైవర్లదైనా, హమాలీలదైనా, భవన నిర్మాణ కార్మికులదైనా, యూనియన్ ముందు తెరవాల్సింది ఓటర్ల జాబితా. బస్టాండు దగ్గర ఆటో నడిపే డ్రైవరు తిరుచానూరులో ఉంటే అతని ఎమ్మెల్యే ఓటు చంద్రగిరికి, ఎంపీ ఓటు చిత్తూరుకు పోతుంది. అదే స్టాండులో కొర్లగుంట డ్రైవరుకు రెండు ఓట్లూ తిరుపతికే. సభ్యత్వ పుస్తకంలో ప్రతి పేరు పక్కన నియోజకవర్గం రాయండి. లేకపోతే అక్కడ ఓటే లేనివాళ్లు అభ్యర్థిని తేల్చేస్తారు.

తర్వాత కోరికలు, నాలుగైదు చాలు. "కార్మికులను ఆదుకుంటారా?" అని అడిగితే కాదనేవాడుండడు. "రైల్వే స్టేషన్ దగ్గర స్టాండులో ఎన్ని బండ్లకు చోటిప్పిస్తారు, ఎన్ని నెలల్లో?" అని అడగండి. ఈఎస్ఐ, పీఎఫ్ సంగతి ఎంపీ అభ్యర్థినే అడగాలి. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక, బరిలో మిగిలినవాళ్లందరికీ ఒకే కాగితం పంపి, మూడు రోజుల్లో సంతకంతో జవాబు కోరండి. ఈలోపు నాయకులెవరూ ఏ కండువా వేసుకోకూడదు. వేసుకుంటే అంతా ముందే అమ్ముడుపోయిందని సభ్యులు అనుకుంటారు, ఆ మచ్చ పోదు.

తీర్మానానికి చేతులెత్తించొద్దు. గది వెనక వార్డు నాయకుడి మనిషి నిలబడి ఉంటే ఎత్తే చెయ్యి సభ్యుడిది కాదు. చీటీలే పెట్టండి, "ఎవరికీ వద్దు" అనే గడి తప్పనిసరి. డ్రైవర్లు షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి సీలు వేసిన పెట్టె పొద్దున 6 నుంచి రాత్రి 9 దాకా ఉండాలి, లెక్కింపు అందరి ముందూ జరగాలి. మూడింట రెండొంతులు రాకపోతే మద్దతు ప్రకటించకపోవడమే మేలు. సగం సగంగా చీలిన తీర్మానం యూనియన్‌నూ చీలుస్తుంది.

డబ్బు దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. మామూలు చందా సొమ్ము ఎన్నికలకు తీయకూడదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 16వ సెక్షన్ రాజకీయాలకు వేరే నిధి ఉండాలంది, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌దీ అదే మాట. ఆ నిధిలో వేయమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, వేయని సభ్యుడికి ఏ సాయమూ ఆపకూడదు.

కరపత్రం వేస్తే ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు దాని మీదే ఉండాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని కోసం ఖర్చు పెట్టడం నేరం. అనుమతితో పెట్టింది అతని ఎన్నికల ఖర్చు లెక్కలో చేరుతుంది.

ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులు. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి వాళ్లను ప్రచారానికి దూరంగా ఉంచుతుంది కాబట్టి, వాళ్లను మీ వేదిక ఎక్కించొద్దు.

అభ్యర్థి సంతకం చేసిన కాగితం అసలుది ఆఫీసు బీరువాలో పెట్టి, జిరాక్సు ప్రతి స్టాండులో అంటించండి.