స్లాట్ ఉన్నా స్టాండ్‌బై తెగిపోతోందా? ముందు ఈ లాగ్ సెట్టింగ్ ఆన్ చేయండి

సమస్య: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రైమరీ (అసలు సర్వర్) వైజాగ్ మధురవాడలో, స్టాండ్‌బై (దాని నకలు సర్వర్) హైదరాబాద్‌లో. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన వైజాగ్ వాళ్లకి రెండో కాపీ వేరే ఊళ్లో ఎందుకుండాలో చెప్పక్కర్లేదు. కానీ లింక్ కాసేపు పోయి వచ్చిందంటే చాలు, స్టాండ్‌బై ఇక అందుకోదు, అడిగిన వాల్ (WAL, ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే లాగ్) సెగ్మెంట్‌ని అప్పటికే తీసేశామని ఎర్రర్ వస్తుంది. స్టాండ్‌బై తీసుకునేదాకా వాల్‌ని పట్టి ఉంచడానికే కదా ప్రైమరీలో స్లాట్ పెట్టేది, అది పెట్టాక కూడా ఎలా తీసేసింది అని టెన్షన్, ఆ తర్వాత అందరూ నెట్‌వర్క్ టీమ్ మీద పడతారు. దయచేసి అప్పుడే పడకండి.

క్వెరీల్ని లాగ్‌లో రాసే లాగ్_స్టేట్‌మెంట్ సెట్టింగ్‌కి ఆల్ ఇచ్చినా లాభం లేదు, స్టాండ్‌బై పంపే రెప్లికేషన్ కమాండ్లు అందులో పడవు. వాటికి విడిగా లాగ్_రెప్లికేషన్_కమాండ్స్ అనే సెట్టింగ్ ఉంది, 9.5 వెర్షన్ నుంచీ ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్. ప్రైమరీలో సూపర్‌యూజర్‌గా ఆల్టర్ సిస్టమ్‌తో ఆన్ చేసి పీజీ_రీలోడ్_కాన్ఫ్ నడపండి, రీస్టార్ట్ అక్కర్లేదు. లాగ్_లైన్_ప్రిఫిక్స్‌లో అప్లికేషన్ పేరు, హోస్ట్ కూడా చేర్చండి, లేకపోతే ఏ లైను ఎవరిదో తెలీదు.

ఆన్ చేశాక కూడా లాగ్ ఖాళీగా ఉందా? రెండు కారణాలు చూడండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్‌లో చేత్తో మార్చి ఉంటే, ఆల్టర్ సిస్టమ్ రాసే ఆటో డాట్ కాన్ఫ్‌లో పాత విలువ ఉన్నంతసేపూ అదే నెగ్గుతుంది; షో కొట్టి చూస్తే తేలిపోతుంది. రెండోది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే: ఇప్పటికే కలిసి ఉన్న స్టాండ్‌బై తన కమాండ్ ఎప్పుడో పంపేసింది, మళ్లీ పంపదు. పీజీ_స్టాట్_రెప్లికేషన్‌లో పిడ్ (ప్రాసెస్ నంబరు) చూసుకుని ఆ వాల్‌సెండర్‌ని, అంటే స్టాండ్‌బైకి వాల్ పంపే ప్రాసెస్‌ని, టెర్మినేట్ చేయండి, స్టాండ్‌బై దానంతటదే మళ్లీ కలుస్తుంది. సింక్రనస్ రెప్లికేషన్ (స్టాండ్‌బైకి చేరాకే కమిట్ పూర్తయ్యే పద్ధతి) అయితే ఆ కాస్త సేపు కమిట్లు ఆగుతాయి కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోండి.

కారణం: ఇప్పుడు లాగ్‌లో స్టార్ట్_రెప్లికేషన్ లైను చదవండి. దాని పక్కన స్లాట్ అన్న మాట, స్లాట్ పేరు ఉండాలి. లేవంటే స్టాండ్‌బైలో ప్రైమరీ_స్లాట్_నేమ్ ఖాళీగా ఉందన్నమాట, మీరు సృష్టించిన స్లాట్‌ని ఎవరూ వాడటం లేదు. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ ఫాల్స్ అనీ, రీస్టార్ట్_ఎల్‌ఎస్‌ఎన్ (ఎక్కడి నుంచి వాల్‌ని ఉంచాలో చెప్పే గుర్తు) ఖాళీగా అనీ కనిపిస్తే ఇక అనుమానమే లేదు: ఫిజికల్ స్లాట్‌ని మామూలుగా సృష్టిస్తే ఎవరైనా మొదటిసారి కలిసేదాకా అది ఒక్క వాల్ ఫైలు కూడా పట్టి ఉంచదు.

పరిష్కారం: స్టాండ్‌బైలో ప్రైమరీ_స్లాట్_నేమ్ రాయండి. 13 నుంచి దీనికి రీలోడ్ చాలు, అంతకు ముందు వెర్షన్లలో రీస్టార్ట్ తప్పదు. పోయిన వాల్ ఆర్కైవ్‌లో ఉంటే రీస్టోర్_కమాండ్‌తో తెచ్చుకోవచ్చు, అక్కడా లేకపోతే పీజీ_బేస్‌బ్యాకప్‌తో స్టాండ్‌బైని కొత్తగా కట్టాల్సిందే. స్లాట్ పని మొదలుపెట్టాక ప్రైమరీ డిస్క్ మీద కన్నేసి ఉంచండి, స్టాండ్‌బై రోజుల తరబడి రాకపోతే అది వాల్‌ని పేర్చుకుంటూనే పోతుంది. 13, ఆపై వెర్షన్లయితే మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌తో దానికో హద్దు పెట్టండి.